కాటా చీటీ టైమూ కెమెరా టైమూ కలవాలంటే: లినక్స్ గడియారాన్ని నెట్‌వర్క్ టైమ్‌తో సరిగ్గా నడిపే పద్ధతి

గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు, కెమెరాలు చూసుకునే పని నాది. రెండేళ్ల కిందట మిర్చి సీజన్‌లో ఒక తగాదా వచ్చింది. కాటా చీటీ మీద లారీ తూకం వేసిన టైమ్ సాయంత్రం 4:12 అని ఉంది. కెమెరా రికార్డింగ్‌లో చూస్తే 4:12కి కాటా ఖాళీ. లారీ రాకుండానే చీటీ కొట్టాడని గుమస్తా మీద అనుమానం పడింది. రెండు రోజులు ఆయన ఎవరి మొహమూ చూడలేక తలదించుకుని తిరిగాడు. మూడో రోజు నేను రికార్డింగ్‌ను ముందుకు జరుపుతూ పోతే 4:23 దగ్గర అదే లారీ, అదే నంబరు, అవే మిర్చి టిక్కీలు (బస్తాలు). చీటీ కొట్టే లినక్స్ కంప్యూటర్ గడియారం 11 నిమిషాలు వెనకబడి ఉంది. జరిగింది అంతే.

గడియారం తప్పుగా ఉందని ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే కంప్యూటర్ చూపించే టైమ్‌ను ఎవరూ అనుమానించరు. ఆ కంప్యూటర్‌ను నేను అప్పుడు ఎలా సరిచేశానో, ఆ తర్వాత మిగతా వాటికి ఏం చేశానో మొదటి నుంచి చెబుతాను. కమాండ్లను పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు వేరుగా చెప్పిన చోట తప్ప అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టండి.

ఆ 11 నిమిషాలు ఎక్కడికి పోయాయి

మీ కంప్యూటర్‌లో రెండు గడియారాలు ఉంటాయి. ఒకటి మదర్‌బోర్డు మీద ఉండే హార్డ్‌వేర్ గడియారం. దీన్ని ఆర్‌టీసీ అంటారు. కంప్యూటర్ ఆపేసినా బిళ్ల లాంటి 3 వోల్టుల బ్యాటరీతో నడుస్తూనే ఉంటుంది. రెండోది సిస్టమ్ గడియారం. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు లినక్స్ హార్డ్‌వేర్ గడియారాన్ని ఒకసారి చూసి టైమ్ తీసుకుంటుంది, అక్కడి నుంచి సొంతంగా లెక్కపెట్టుకుంటూ పోతుంది. చీటీల మీద, ఫైళ్ల మీద, లాగ్‌లలో (కంప్యూటర్ తన పనులు రాసుకునే చిట్టాల్లో) పడేది ఈ రెండో గడియారం టైమే.

రెండింటికీ ఆధారం క్వార్ట్జ్ స్ఫటికం. హార్డ్‌వేర్ గడియారంలోది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ సంఖ్య 2ను 15 సార్లు గుణిస్తే వచ్చేది. అందుకే సగాలు చేసుకుంటూ పోతే సరిగ్గా సెకనుకు ఒక టిక్కు దొరుకుతుంది. కానీ ఏ స్ఫటికమూ చెప్పినంత ఖచ్చితంగా కంపించదు. పది లక్షలకు 20 తేడా, అంటే 20 పీపీఎమ్, చాలా మామూలు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. లెక్క వేయండి: రోజుకు 86,400 సెకన్లు, అందులో పది లక్షలకు 20 చొప్పున 1.7 సెకన్లు. నెలకు 52 సెకన్లు. ఏడాదికి పది నిమిషాల పైన. మా కాటా కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు, దాని టైమ్ ఎవరూ ముట్టుకుని ఏడాది దాటింది. 11 నిమిషాల లెక్క అక్కడికి సరిపోయింది.

ఎండ కూడా దీనికి తోడు. ఆ 32,768 స్ఫటికం 25 డిగ్రీల దగ్గర బాగా నడిచేలా చేస్తారు. అంతకన్నా వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. 45 డిగ్రీల దగ్గర సుమారు 14 పీపీఎమ్ అదనంగా వెనకబడుతుంది, అంటే రోజుకు సెకనుకు పైగా. మే నెలలో రేకుల షెడ్డు కింద ఉన్న కంప్యూటర్‌కు ఇది నిజమైన లెక్క.

కాబట్టి చేతితో టైమ్ సరిదిద్దితే ఆ క్షణానికి మాత్రమే సరిపోతుంది, మర్నాటి నుంచి మళ్లీ జరుగుతుంది. మనకు కావలసింది మన స్ఫటికం ఎంత తప్పుతోందో కొలిచి, ఆ మేరకు నిరంతరం సర్దే ఏర్పాటు.

నెట్‌వర్క్‌లో టైమ్ ఎలా వస్తుంది

ఆ ఏర్పాటు పేరు ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్. అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్ దీన్ని రూపొందించారు. మొదటి ప్రమాణ పత్రం 1985లో వచ్చింది, ఇప్పుడు వాడుతున్న నాలుగో రూపం 2010లో. మిల్స్ 2024 జనవరిలో కన్నుమూశారు. ఆయన చూపు మందగించినా ఈ పనిని వదల్లేదు.

దీని కిటుకు అందంగా ఉంటుంది. సర్వర్‌ను, అంటే నెట్‌లో టైమ్ చెప్పే కంప్యూటర్‌ను, టైమ్ అడిగితే జవాబు దారిలో ఉండగానే కొంత టైమ్ గడిచిపోతుంది కదా, మరి దాన్ని ఎలా తీసేయాలి? ఇలా. మన గడియారం సరిగ్గా 10 గంటలు చూపిస్తుండగా ప్రశ్న పంపాం. అది చేరినప్పుడు సర్వర్ గడియారంలో 10 గంటల మీద 2.030 సెకన్లు. వెంటనే జవాబిచ్చింది. మనకు చేరినప్పుడు మన గడియారంలో 10 గంటల మీద 0.060 సెకన్లు. రానూపోనూ ప్రయాణం 0.060. వెళ్లేటప్పుడు కనిపించిన తేడా 2.030, వచ్చేటప్పుడు కనిపించిన తేడా 1.970. సగటు సరిగ్గా 2 సెకన్లు. మన గడియారం అంత వెనకబడి ఉందన్నమాట. దారి మింగిన టైమ్ లెక్కలోంచి తనంతట తానే పోయింది.

ఇందులో ఒక్కటే మెలిక: వెళ్లే దారీ వచ్చే దారీ సమానం అనుకుని వేసిన లెక్క ఇది. వెళ్లడానికి 10 మిల్లీసెకన్లు, రావడానికి 50 పడితే, 40 తేడాలో సగం, 20 మిల్లీసెకన్లు తప్పు మిగిలిపోతుంది. అందుకే దగ్గరి సర్వర్ మేలు. ప్రశ్న కేవలం 48 బైట్లు, జవాబూ అంతే. డేటా ఖర్చవుతుందని బెంగ అక్కర్లేదు.

మొదటి అడుగు: ఇప్పుడు ఏముందో చూడండి

టెర్మినల్ తెరిచి ఇది కొట్టండి. టైమ్, డేట్, సీటీఎల్ మూడూ ఖాళీ లేకుండా కలిపి రాయాలి:

టైమ్‌డేట్‌సీటీఎల్

వచ్చే వరుసల్లో మూడు చూడండి. టైమ్ జోన్ దగ్గర ఏషియా/కోల్‌కతా అని ఉండాలి, పక్కన +0530. సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్ దగ్గర యస్ ఉండాలి. ఆర్‌టీసీ ఇన్ లోకల్ టీజెడ్ దగ్గర నో ఉండాలి. టైమ్ జోన్ వేరుగా ఉంటే ఇలా మార్చండి (ముందున్న సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని), ఏషియాలో మొదటి అక్షరం, కోల్‌కతాలో మొదటి అక్షరం మాత్రం పెద్దవి:

సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా

మీ టైమ్ సరిగ్గా ఐదున్నర గంటలు తేడాగా ఉంటే నెట్‌వర్క్ సర్వర్ల జోలికి వెళ్లకండి. అది గడియారం తప్పడం కాదు. కాకినాడకు దగ్గరగా సాగే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్కించే మన టైమ్ ప్రపంచ ప్రామాణిక టైమ్ అయిన యూటీసీకి ఐదున్నర గంటలు ముందు. లినక్స్ హార్డ్‌వేర్ గడియారంలో యూటీసీ ఉంచుతుంది. విండోస్ అదే చోట స్థానిక టైమ్ ఉంచుతుంది. ఒకే కంప్యూటర్‌లో రెండూ ఉంటే ఒకటి రాసింది ఇంకొకటి తప్పుగా చదువుతుంది. విండోస్‌నే మార్చడం మంచిది: రిజిస్ట్రీలో కంట్రోల్ కింద టైమ్‌జోన్‌ఇన్ఫర్మేషన్ అనే చోట రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ పేరుతో ఒక డీవర్డ్ చేర్చి విలువ 1 పెట్టండి. లినక్స్ వైపు సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 0 కొట్టండి.

రెండో అడుగు: ఏ ప్రోగ్రామ్

డెబియన్‌లోనూ చాలా ఉబుంటు కూర్పుల్లోనూ ముందుగా ఉండేది సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ. ఇంట్లో ఒక ల్యాప్‌టాప్‌కు అది చాలు. ఒక సర్వర్‌ను అడుగుతుంది, సర్దుతుంది. కానీ నాలుగు సర్వర్ల మాట పోల్చి చూడదు, పక్క కంప్యూటర్లకు టైమ్ పంచదు. డబ్బు, తూకం, హాజరు లెక్కలు పడే చోట నేను క్రోనీ అనే ప్రోగ్రామే వాడతాను. నెట్ వచ్చీ పోయీ ఉండే చోట, కరెంటు పోయే చోట ఇది బాగా నిలదొక్కుకుంటుంది. రెడ్ హ్యాట్ కుటుంబపు లినక్స్‌లలో చాలా కాలంగా ఇదే ఉంది, ఉబుంటు కూడా 25.10 నుంచి దీనికే మారింది. పేరులో అక్షరాలు సీ, హెచ్, ఆర్, ఓ, ఎన్, వై.

ఉబుంటు, డెబియన్‌లలో:

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ క్రోనీ

ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబంలో:

సుడో డీఎన్‌ఎఫ్ ఇన్‌స్టాల్ క్రోనీ
సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ క్రోనీడీ

ఉబుంటులో ఇది ఎక్కితే పాత టైమ్‌సింక్‌డీ తనే తప్పుకుంటుంది. ఒకే గడియారాన్ని రెండు ప్రోగ్రాములు సర్దకూడదు. ఒకటి ముందుకు నెడితే ఇంకొకటి వెనక్కి లాగుతుంది.

మూడో అడుగు: ఎవరిని అడగాలి

ఇక్కడ కాస్త నిదానంగా ఆలోచించండి. ఒకే సర్వర్ పెడితే అది తప్పు చెప్పినా మీకు తెలియదు. రెండు పెట్టి, అవి తలో మాటా చెబితే ఏది నిజమో తేల్చలేరు. మూడు ఉంటే తప్పుడు సాక్షిని పట్టుకోవచ్చు. నాలుగు ఉంటే ఒకటి పలకకపోయినా మిగతా మూడూ ఆ పని చేస్తాయి. అందుకే కనీసం నాలుగు.

భారత ప్రామాణిక కాలాన్ని నిలబెట్టేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల, ఎన్‌పీఎల్. అక్కడ సీసియం పరమాణు గడియారాలు, హైడ్రోజన్ మేజర్లు (అవీ ఒక రకం పరమాణు గడియారాలే) ఉన్నాయి. దాని సర్వర్ అందరికీ తెరిచే ఉంది. ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి సమయ్ పేరుతో సర్వర్లు ఉన్నాయి. స్వచ్ఛందంగా నడిచే ఎన్‌టీపీ పూల్‌లో మన దేశపు విభాగం ఉంది. క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ సర్వర్ కూడా ఉచితమే.

ఉబుంటులో అమరికల ఫైలు /ఈటీసీ/క్రోనీ/క్రోనీ.కాన్ఫ్. ఫెడోరాలో /ఈటీసీ/క్రోనీ.కాన్ఫ్. సుడోతో తెరిచి, పూల్ అని మొదలయ్యే పాత వరుసల ముందు # పెట్టి, ఇవి రాయండి. ఐబర్స్ట్‌లో ఐ అక్షరం తర్వాత బర్స్ట్ కలిపి రాయాలి:

సర్వర్ టైమ్.ఎన్‌పీఎల్‌ఇండియా.ఆర్గ్ ఐబర్స్ట్
సర్వర్ సమయ్1.ఎన్‌ఐసీ.ఇన్ ఐబర్స్ట్
సర్వర్ టైమ్.క్లౌడ్‌ఫ్లేర్.కామ్ ఐబర్స్ట్
పూల్ ఇన్.పూల్.ఎన్‌టీపీ.ఆర్గ్ ఐబర్స్ట్ మాక్స్‌సోర్సెస్ 3
మేక్‌స్టెప్ 1 3
ఆర్‌టీసీసింక్

డ్రిఫ్ట్‌ఫైల్ అనే వరుస ముందే ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. మీ స్ఫటికం ఎన్ని పీపీఎమ్ తప్పుతోందో క్రోనీ నేర్చుకుని రాసుకునేది అందులోనే. కరెంటు పోయి వచ్చినా మళ్లీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు.

ఐబర్స్ట్ వల్ల మొదట్లో కొన్ని ప్రశ్నలు వెంటవెంటనే వెళ్లి కొన్ని సెకన్లలోనే టైమ్ కుదురుతుంది. ఆర్‌టీసీసింక్ వల్ల సిస్టమ్ టైమ్ అప్పుడప్పుడూ హార్డ్‌వేర్ గడియారంలోకీ వెళుతుంది.

మేక్‌స్టెప్ 1 3 మాత్రం అర్థం చేసుకుని పెట్టాల్సింది. మామూలుగా క్రోనీ గడియారాన్ని ఒక్కసారిగా గెంతించదు. సెకన్లను కాస్త పొట్టిగానో పొడుగ్గానో చేసి మెల్లగా దారికి తెస్తుంది. వెనక్కి గెంతితే 4:23కి వేసిన చీటీ తర్వాత 4:15 చీటీ పడుతుంది, లెక్కల వరుస చెడుతుంది. కానీ తేడా ఒక గంట ఉంటే, క్రోనీ అనుమతించే గరిష్ఠ వేగంతో సర్దినా 12 గంటలు పడుతుంది. అందుకే ఈ వరుస చెప్పేదేమిటంటే: తేడా ఒక సెకను మించితే, ప్రోగ్రామ్ మొదలైన తర్వాత మొదటి 3 సర్దుబాట్లలోపు మాత్రమే గెంతు, ఆ తర్వాత మెల్లగానే నడువు. బిల్లింగ్ డేటాబేస్ ఉన్న కంప్యూటర్‌లో మొదటిసారి ఇది చేసేటప్పుడు డేటాబేస్ ఆపి, టైమ్ కుదిరాక మళ్లీ మొదలుపెట్టండి.

గూగుల్ టైమ్ సర్వర్‌ను నేను కావాలనే వదిలేశాను. అది మంచి సర్వరే. అయితే భూభ్రమణానికి సరిపెట్టడానికి ఎప్పుడైనా ఒక సెకను కలిపితే, గూగుల్ ఆ సెకనును రోజంతా పరిచి కలుపుతుంది. మామూలు ఎన్‌టీపీ సర్వర్లు ఒకేసారి కలుపుతాయి. రెండు రకాలనూ కలిపి అడిగితే ఆ రోజు మాటలు కుదరవు. అలాంటి సెకను చివరిసారి మనకు 2017 జనవరి 1 తెల్లవారుజామున 5:29:60గా వచ్చింది. వాడితే గూగుల్‌వే వాడండి, లేదా అసలు వద్దు.

ఫైలు భద్రపరిచి క్రోనీని మళ్లీ మొదలుపెట్టండి (ఫెడోరాలో చివరి మాట క్రోనీడీ):

సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ క్రోనీ

నాలుగో అడుగు: నమ్మే ముందు చూడండి

ఒక నిమిషం ఆగి, క్రోనీ చివర సీ అక్షరం కలిపి ఇలా కొట్టండి:

క్రోనీసీ సోర్సెస్

ప్రతి సర్వర్ ముందు ఒక గుర్తు ఉంటుంది. * ఉన్నది ప్రస్తుతం అనుసరిస్తున్నది. + ఉన్నవి దానితో ఏకీభవిస్తున్నవి. - బాగానే ఉన్నా లెక్కలోకి తీసుకోనిది. చిన్న ఎక్స్ ఉంటే అది మిగతా వాళ్ల మాటతో కుదరని తప్పుడు సాక్షి. ప్రశ్న గుర్తు ఉంటే జవాబు రావడం లేదు, లేదా ఇంకా తేలలేదు. రీచ్ అనే నిలువు వరుసలో 377 కనిపిస్తే చివరి 8 ప్రశ్నలకూ జవాబు వచ్చిందని అర్థం. అది ఎనిమిది ఆధారంగా రాసిన అంకె, 377 దాటి పెరగదు. పోల్ దగ్గర 6 అంటే 64 సెకన్లకోసారి అడుగుతోంది. నమ్మకం కుదిరే కొద్దీ అది 10 దాకా, అంటే 1,024 సెకన్ల దాకా పెరుగుతుంది.

తర్వాత ఇది:

క్రోనీసీ ట్రాకింగ్

సిస్టమ్ టైమ్ అనే వరుస ఇప్పుడు మీ గడియారం ఎంత ముందో వెనకో చెబుతుంది. ఫ్రీక్వెన్సీ వరుసలో ఉన్న పీపీఎమ్ మీ స్ఫటికం గుణం. మా కాటా కంప్యూటర్‌లో అది దాదాపు 20, స్లో అని కనిపించినప్పుడు ఆ స్క్రీన్‌ను గుమస్తాను పిలిచి చూపించాను.

అసలు పొరపాటు ఎంత ఉండవచ్చో తెలియాలంటే రూట్ డిలేలో సగం, రూట్ డిస్పర్షన్, సిస్టమ్ టైమ్ మూడూ కూడండి. అంతకు మించి తేడా ఉండకూడదు. మామూలు బ్రాడ్‌బ్యాండ్ మీద ఇది కొన్ని పదుల మిల్లీసెకన్లు వస్తే సంతోషించండి.

జవాబు రాకపోతే

అన్నింటి ముందూ ప్రశ్న గుర్తులే ఉండి, రీచ్ 0గానే ఉంటే చాలాసార్లు తప్పు మీది కాదు. ఎన్‌టీపీ యూడీపీ 123 అనే పోర్టులో, అంటే నెట్‌వర్క్ ద్వారంలో, నడుస్తుంది, కాలేజీల్లో, ఆఫీసుల్లో ఆ పోర్టు మూసి ఉంచుతారు. గడియారాన్ని ముట్టుకోకుండా పరీక్షించడానికి:

సుడో క్రోనీడీ -క్యూ 'సర్వర్ టైమ్.ఎన్‌పీఎల్‌ఇండియా.ఆర్గ్ ఐబర్స్ట్'

క్యూ ఇక్కడ పెద్ద అక్షరం. అంతా సరిగ్గా ఉంటే గడియారం ఎన్ని సెకన్లు తప్పో చెప్పి, పక్కన ఇగ్నోర్డ్ అని రాసి ఆగిపోతుంది. అదే కమాండ్ మీ ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసి ఆఫీసు నెట్ మీద పనిచేయకపోతే, ఆ రెండు ఫలితాలూ నెట్‌వర్క్ చూసే వాళ్లకు చూపించండి.

తాళం వేసిన టైమ్

మామూలు ఎన్‌టీపీ జవాబును దారిలో ఎవరైనా మార్చగలరు. 2020లో ప్రమాణంగా వచ్చిన ఎన్‌టీఎస్, అంటే నెట్‌వర్క్ టైమ్ సెక్యూరిటీ, దాన్ని ఆపుతుంది. క్లౌడ్‌ఫ్లేర్ వరుస చివర ఎన్‌టీఎస్ అని చేర్చితే చాలు. కానీ రెండు సంగతులు తెలుసుకుని చేయండి. తాళం ఉన్న సర్వర్, లేని సర్వర్లు కలిపి పెడితే క్రోనీ తాళం ఉన్నదాన్నే తప్పనిసరి చేసుకుంటుంది. మీ నెట్‌లో టీసీపీ 4460 పోర్టు మూసి ఉంటే మిగతా సర్వర్లు బాగున్నా గడియారం కుదరదు. రెండోది, గడియారం మరీ తప్పుగా ఉంటే సర్టిఫికెట్ గడువు చూసే తనిఖీ తప్పుతుంది, అప్పుడు సరైన టైమ్ తెచ్చుకోవడానికి ముందుగా సరైన టైమ్ కావాల్సి వస్తుంది. ఇది చేస్తే ఎన్‌టీఎస్ ఇచ్చే సర్వర్లు ఒకటి కన్నా ఎక్కువ పెట్టుకోండి.

నెట్ లేని కంప్యూటర్లకు, కెమెరాలకు

మా సమస్య అసలు ఇక్కడ ఉంది. నెట్ ఉన్న ఒక కంప్యూటర్‌ను ఊరికి టైమ్ చెప్పే గడియారస్తంభంలా నిలబెట్టాలి. దాని క్రోనీ ఫైలులో ఈ రెండు వరుసలు చేర్చండి, అంకెలు మీ నెట్‌వర్క్‌వి పెట్టుకోండి:

అలౌ 192.168.1.0/24
లోకల్ స్ట్రేటమ్ 10

మొదటిది లోపలి కంప్యూటర్లకు అనుమతి. ఇక్కడ మీ సొంత నెట్‌వర్క్ మాత్రమే రాయండి, ప్రపంచానికంతా తెరవకండి. రెండోది నెట్ పోయినప్పుడు కూడా ఇది టైమ్ చెబుతూనే ఉండడానికి. అప్పుడు ఆ టైమ్ కొంచెం జరగవచ్చు, కానీ అందరూ కలిసే జరుగుతారు, చీటీకీ కెమెరాకీ మధ్య తేడా రాదు. ఆ కంప్యూటర్ ఫైర్‌వాల్‌లో పోర్టు తెరవండి. ఇదీ మీ నెట్‌వర్క్‌కే పరిమితం:

సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ ఫ్రమ్ 192.168.1.0/24 టు ఎనీ పోర్ట్ 123 ప్రోటో యూడీపీ

కాటా కంప్యూటర్ క్రోనీ ఫైలులో ఒకే సర్వర్ వరుస, ఈ కంప్యూటర్ అడ్రస్‌తో. కెమెరా రికార్డర్ మెనూలో తేదీ, టైమ్ దగ్గర ఎన్‌టీపీ అనే పేజీ ఉంటుంది. అక్కడా ఇదే అడ్రస్ ఇచ్చి పోర్టు 123 పెట్టండి, గంటకోసారి అడిగేలా చేయండి. రికార్డర్ టైమ్ జోన్ కూడా చూడండి. ఎవరు అడుగుతున్నారో స్తంభం కంప్యూటర్‌లో ఇలా కనిపిస్తుంది:

సుడో క్రోనీసీ క్లయింట్స్

రాస్‌ప్బెర్రీ పై బోర్డులు వాడేవారికి ఒక మాట. నాలుగో తరం దాకా వాటికి హార్డ్‌వేర్ గడియారమే లేదు, ఐదో దాంట్లో ఉన్నా బ్యాటరీ విడిగా కొనాలి. నెట్ లేని చోట పెడితే డీఎస్3231 అనే చిన్న మాడ్యూల్ కలపండి. వేడికి తగ్గట్టు తనను తాను సర్దుకుంటుంది కాబట్టి 40 డిగ్రీల దాకా 2 పీపీఎమ్ లోపే ఉంటుంది. పాత కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ ఏళ్ల కిందటి తేదీ చూపిస్తుంటే మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయింది. చాలావాటికి సీఆర్2032 సరిపోతుంది.

సంస్థల్లో పనిచేసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ గడియారాలను ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సర్వర్లతో, లేదా వాటికి ముడిపడిన సర్వర్లతో కలపాలి. లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. పైన ఆ రెండింటినీ మొదట రాయడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు మా దగ్గర ప్రతి నెలా ఒకటో తారీఖున గుమస్తా కాటా కంప్యూటర్‌లో క్రోనీసీ ట్రాకింగ్ కొడతాడు. సిస్టమ్ టైమ్ వరుసను చీటీల పుస్తకం మొదటి పేజీలో రాసి, పక్కన కెమెరా తెర మీది టైమ్ కూడా రాసి సంతకం పెడతాడు.